సుంకి ఘాట్‌లో పాత కారు ఎందుకు హీటెక్కుతుంది, ఏం చూసుకోవాలి

పదిహేనేళ్లు దాటిన చిన్న సెడాన్ రాయగడ బజారులో ఏ గొడవా లేకుండా తిరిగి, సాలూరు దాటి కొరాపుట్ దారిలోని సుంకి ఘాట్ ఎక్కేసరికి వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాకా లేపిందంటే, ఇంజిన్ పోయిందని బెంగ పడక్కర్లేదు. ఎక్కుడులో రెండో గేరు మీద ఇంజిన్ గట్టిగా తిరుగుతుంది, బండి మెల్లగా కదులుతుంది, ముందు నుంచి గాలి సరిగా తగలదు. కింద కనపడని చిన్న లోపం అక్కడ బయటపడుతుంది.

ముందు చవకైనది చూడండి: రేడియేటర్ మూత. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, అది పట్టి ఉంచే ఒత్తిడి. 0.9 మూత బాగుంటే నీళ్లు సుమారు 117 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు పగిలితే ఒత్తిడి నిలవదు. కొరాపుట్ ఎత్తు దాదాపు 870 మీటర్లు, అక్కడ మామూలు గిన్నెలో నీళ్లు 97 దగ్గరే మరిగిపోతాయి. మార్చేటప్పుడు అదే అంకె ఉన్న మూత అడగండి.

తర్వాత ఫ్యాను. ఏసీ వేయగానే తిరగాలి. తిరక్కపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఈ వరసలో చూడండి. ఏసీకి తిరిగి, వేడికి తిరక్కపోతే సెన్సరు మీద అనుమానం. (ఏసీకి వేరే ఫ్యాను ఉన్న బండికి ఈ పరీక్ష పనికిరాదు.)

ఇంజిన్ బాగా వేడెక్కాక రేడియేటర్ పై గొట్టం కాలిపోతూ, కింది గొట్టం చల్లగా ఉంటే థర్మోస్టాట్ (వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకోలేదు, లేదా రేడియేటర్ పూడింది. థర్మోస్టాట్ విప్పి నీళ్ల గిన్నెలో వేసి కాచండి. దాని మీద 82 అని ఉంటే, ఆ వేడి దాటగానే వాల్వు కదలడం కనిపించాలి. కొందరు మెకానిక్‌లు దాన్ని తీసి పారేస్తారు. ఒప్పుకోకండి. కింద రోడ్డు మీద ఇంజిన్ చల్లగా నడిచి పెట్రోలు తాగుతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది.

రేడియేటర్‌ను పూడ్చేది ఎక్కువగా బోరు నీళ్లే. సున్నం గొట్టాల లోపల పేరుకుంటుంది. కడిగించాక కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం పోయండి. చాలా చిన్న కార్లకు 4 నుంచి 5 లీటర్లు పడుతుంది, సరైన లెక్క బండి పుస్తకంలో ఉంటుంది. మూత తీసి ఉంచి, హీటరు పూర్తి వేడిలో పెట్టి, ఇంజిన్ నడపండి. బుడగలు ఆగి మట్టం దిగితే మళ్లీ నింపండి. లోపల గాలి మిగిలితే చేసిందంతా దండగ.

దారిలోనే ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పి, బ్లోయరు గట్టిగా పెట్టండి. దిగకపోతే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. అరగంటైనా ఆగాక, పై గొట్టం మెత్తబడితేనే మూత ముట్టుకోండి. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్డు (ఇంజిన్ పై భాగం) పగలొచ్చు.

దిగేటప్పుడు బ్రేకు ఆయిలు సంగతి. అది గాల్లో తేమ పీలుస్తుంది. తాజా డాట్ 4 రకం ఆయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినది 155కే మరగొచ్చు. అప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్పించండి. ఎక్కిన గేరులోనే దిగండి, న్యూట్రల్ వేయకండి.

కూలెంటు ఎక్కడా కారకుండానే తగ్గుతూ, సైలెన్సర్ నుంచి తీయని వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డు కింద ఉండే సీలు) పోయినట్టే. ఆ బండితో ఘాట్ ఎక్కకండి.