టీ1, ఈ1 వాహకాల వేగాలను ఒకదాని నుంచి మరొకదానికి మార్చడం

టీ1, ఈ1 అనేవి అనేక టెలిఫోన్ కాల్స్‌ను లేదా డేటాను ఒకే లైన్ మీద డిజిటల్ రూపంలో మోసే వాహకాలు. ఉత్తర అమెరికాలో పుట్టిన ‘టీ’ (T) శ్రేణికీ, ఐరోపా నుంచి ప్రపంచంలో చాలా దేశాలకు వ్యాపించిన ‘ఈ’ (E) శ్రేణికీ మూలం ఒక్కటే: ఒక టెలిఫోన్ సంభాషణ. స్వరాన్ని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లలో రాస్తే సెకనుకు 64 కిలోబిట్లు అవుతాయి. టీ1, ఈ1, వాటిని కలిపి మోసే టీ3, ఈ3 వంటి పై అంతస్తుల్లోని వేగాలన్నీ ఈ 64 మీదే నిలబడ్డాయి కనుక, ఏ మార్పిడినైనా ఇక్కడి నుంచి మొదలుపెట్టడమే క్షేమం.

టీ1లో 24 ఛానళ్లు ఉంటాయి. 24ను 64తో గుణిస్తే 1,536 కిలోబిట్లే వస్తాయి. అయితే ప్రతి ఫ్రేముకూ (అన్ని ఛానళ్ల నుంచి ఒక్కో కొలత చేరిన బిట్ల కట్టకు) హద్దు చూపే బిట్ ఒకటి అదనంగా చేరి, 193 బిట్ల ఫ్రేములు సెకనుకు 8,000 వెళ్లడంతో లైన్ వేగం 1.544 మెగాబిట్లు అవుతుంది. ఈ1 పద్ధతి వేరు. అందులోని 32 టైమ్‌స్లాట్లూ (ఒక్కొక్కటి 64 కిలోబిట్ల వంతు) కలిసి 2.048 మెగాబిట్లు, హద్దు చూపే పని వాటిలో సున్నా సంఖ్య గల స్లాటే చేస్తుంది. టెలిఫోన్ కాల్స్ కోసం వాడినప్పుడు 16వ స్లాట్ సాధారణంగా సిగ్నలింగ్‌కు, అంటే కాల్ కలపడం, ముగించడం వంటి సంకేతాలకు పోతుంది కాబట్టి సంభాషణలకు 30 మిగులుతాయి. డేటాకు మాత్రమే వాడితే 31 స్లాట్లు, అంటే 1.984 మెగాబిట్లు దక్కుతాయి.

కనుక లెక్క మొదలుపెట్టే ముందు మీకు కావలసింది లైన్ వేగాల నిష్పత్తా, లేక ఛానళ్ల సంఖ్యా అన్నది తేల్చుకోవాలి. వేగాల నిష్పత్తే అయితే 1.544ను 2.048తో భాగిస్తే చాలు: ఒక టీ1 సుమారు 0.754 ఈ1కు సమానం. ఛానళ్ల లెక్కలో అదే నిష్పత్తి 24/30, అంటే 0.8. తేడా చిన్నదిగా కనిపించినా పెద్ద లింకుల దగ్గర అది అసలు పని చెడగొడుతుంది. ఉదాహరణకు, 44.736 మెగాబిట్ల టీ3 మీద వస్తున్న కాల్స్‌ను ఈ1ల మీదికి మార్చాలనుకుందాం. వేగాన్ని 2.048తో భాగిస్తే 21.84 వస్తుంది, పైకి సవరిస్తే 22. కానీ టీ3లో 672 ఛానళ్లు ఉంటాయి; 22 ఈ1లు మోయగలిగేది 660 సంభాషణలనే. 672ను 30తో భాగిస్తే 22.4 వస్తుంది కాబట్టి నిజంగా కావలసినవి 23. అందుకే స్వరం విషయంలో ముందు ఛానళ్లలోకి దిగి, అక్కడ భాగించి, చివర మాత్రమే పై పూర్ణాంకానికి సవరించాలని నేను గట్టిగా చెబుతాను.

పై అంతస్తు వేగం కింది అంతస్తు వేగానికి సరిగ్గా గుణిజం కాదని కూడా గుర్తుంచుకోవాలి. టీ3 28 టీ1లను మోస్తుంది, కానీ 28ను 1.544తో గుణిస్తే వచ్చేది 43.232 మాత్రమే. అలాగే ఈ3 16 ఈ1లను మోస్తుంది. వాటి మొత్తం 32.768 కాగా లైన్ వేగం 34.368. కింది ప్రవాహాల గడియారాలు ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు గనుక, ఆ తేడాను సర్దడానికి స్టఫింగ్ బిట్లనూ (ఖాళీని పూరించే బిట్లు), ప్రతి అంతస్తులో ఫ్రేము బిట్లనూ చేర్చవలసి రావడమే దీనికి కారణం. అందువల్ల పై అంతస్తు వేగాలను గుణించి రాబట్టకుండా ప్రమాణాల పట్టిక నుంచే తీసుకోవాలి.

ఇక్కడ కిలో అంటే 1,000, మెగా అంటే 10 లక్షలు. 2,048 అన్న అంకె 1,024కు రెట్టింపు కావడంతో ఈ1ను 1,024తో భాగించి సరిగ్గా 2 మెగాబిట్లని రాసేవారున్నారు. అది తప్పు, ఎందుకంటే ఆ అంకె 32ను 64తో గుణించగా వచ్చినది. ఫైలు బదిలీ సమయం కావాలంటే మాత్రం ఫ్రేము బిట్లు తీసేసిన వేగంతో లెక్కించాలి. వంద కోట్ల బైట్ల ఫైలుకు 800 కోట్ల బిట్లు. వాటిని టీ1లోని 1.536 మెగాబిట్లతో భాగిస్తే సుమారు 5,208 సెకన్లు, ఈ1లోని 1.984తో భాగిస్తే సుమారు 4,032 సెకన్లు వస్తాయి. డేటాతో పాటు పంపే చిరునామా వంటి అదనపు సమాచారం (ప్రోటోకాల్ హెడర్లు) వల్ల అసలు సమయం ఇంకొంత పెరుగుతుంది. పాత టీ1లలో కొన్ని ఛానల్‌లోని బిట్లనే అప్పుడప్పుడు సిగ్నలింగ్‌కు వాడుకుంటాయి. అటువంటి లింకుపై డేటాకు ఛానల్‌కు 56 కిలోబిట్లనే నమ్మవచ్చు కనుక మొత్తం 1.344 మెగాబిట్లకు పడిపోతుంది.

ఆప్టికల్ ఫైబర్ మీద నడిచే వాహకాల శ్రేణిలోని ఎస్‌టీఎం-1కు వచ్చేసరికి భాగహారం పూర్తిగా దారి తప్పిస్తుంది. దాని వేగం 155.52 మెగాబిట్లు, 2.048తో భాగిస్తే దాదాపు 76 వస్తుంది, కానీ నిర్మాణం ప్రకారం అందులో పట్టేవి 63 ఈ1లే, లేదా 84 టీ1లు. కాల్స్ లెక్కలో మొదటిది 1,890, రెండవది 2,016.