అబార్షన్‌కి తోడు వెళ్తున్నారా? ముందు వారాలు లెక్కపెట్టండి

గుంటూరులో ముప్పై ఒక్కేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. బ్రాడీపేటలో మా ఇల్లు. నెల తప్పి, ఏం చేయాలో తోచని ఆడవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. నేను ప్రతి ఆదివారం చర్చికి వెళ్తాను. కడుపులో పడ్డ ప్రాణం దేవుడిచ్చిందనే నమ్ముతాను. అయినా ఆసుపత్రికి తోడు వెళ్తాను. నా సర్వీసులో ఓ పల్లెటూరి అమ్మాయిని ఒళ్ళు కాలిపోయే జ్వరంతో తీసుకొచ్చారు. ఎవరో నాటుగా కడుపు తీశారు, లోపలంతా చీము పట్టింది. తెల్లారేసరికి పోయింది. ఆ తర్వాత ఏ ఆడమనిషినీ ఒంటరిగా పంపలేకపోయాను.

మీరు తోడు వెళ్ళేటట్లయితే ముందు క్యాలెండర్ తీయండి. లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి మొదలవుతుంది. భార్యాభర్తలు కలిసిన రోజు నుంచి కాదు. జనవరి 14న నెలసరి వచ్చి ఉంటే మార్చి 25కి పది వారాలు. పాలిచ్చే తల్లికి నెలసరి రాకుండానే గర్భం రావచ్చు, కాబట్టి ఆమెకు స్కానింగే దిక్కు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 26 వారాల గర్భం తీయడానికి ఒప్పుకోలేదు. ఆమె ఇద్దరు బిడ్డల తల్లి. పాలిస్తున్నందువల్ల గర్భమని ఆలస్యంగా తెలిసింది.

ఇంట్లో గొడవ ఎలాగూ మొదలవుతుంది. అత్తగారు పాపమంటుంది, మరిది అది నేరమంటాడు. పాపం సంగతి ఎవరి మనసుకు వాళ్ళు జవాబు చెప్పుకోవాలి. నేరం సంగతి మాత్రం సరిగ్గా చెప్పండి. మన దేశంలో 1971లోనే దీనికి చట్టం వచ్చింది, 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య అయితే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ కొందరికే: అత్యాచారానికి గురైనవాళ్ళు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళు, ఇంకా కొందరు. 24 దాటాక బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణం మీదికి వస్తే మాత్రం వారాల అడ్డు లేదు. పెళ్ళికాని ఆడవాళ్ళకూ 24 వారాల దాకా ఇవే హక్కులని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది.

మరిది మాటలో కొంత నిజం లేకపోలేదు. ఈ చట్టం దాటి చేస్తే ఇప్పటికీ నేరమే, తనకు తానే చేసుకున్న స్త్రీకి కూడా. ఆఖరి మాట డాక్టరుకు ఇచ్చారు గానీ ఆమెకు పూర్తిగా ఇవ్వలేదు. అది నాకు బాధగానే ఉంటుంది. ఊళ్ళో మనం ఆర్‌ఎంపీ అని పిలిచేవాళ్ళకు మాత్రం ఈ పని చేసే అధికారం ఎంతమాత్రం లేదు.

సంతకం దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. మిర్చి తొడిమలు తీసే కూలి ఒకామె, ఇద్దరు పిల్లలు, పది వారాలు. భర్త లారీ మీద నాగపూర్ వెళ్ళాడు. ఓ నర్సింగ్ హోమ్‌లో "మీ ఆయన్ని తీసుకురా" అన్నారు. ఆమె ఏడుస్తోంది. చేతులకు మిరప ఘాటు, కళ్ళు తుడుచుకోలేదు. మోచేతి పైన జాకెట్టు గుడ్డకు కళ్ళు ఒత్తుకుంటోంది. నేను కౌంటర్ దగ్గరికెళ్ళి, "అమ్మా, ఫారం సి, అదే ఒప్పుకోలు కాగితం తీయండి. అందులో భర్త సంతకం ఎక్కడుందో చూపించండి" అన్నాను. లేదు, ఉండదు. పద్దెనిమిది నిండిన స్త్రీ సంతకం ఒక్కటే కావాలి. మైనరుకీ, మతి స్థిమితం లేనివాళ్ళకీ మాత్రం గార్డియన్ సంతకం. ఆయన వచ్చేదాకా ఆగితే పన్నెండు వారాలు దాటేది. అప్పుడు అన్నిచోట్లా చేయరు. ఆమె పేరు బయటపెట్టడం కూడా చట్టప్రకారం శిక్షపడే తప్పు. ఆ మాట కూడా మెల్లగా వాళ్ళ చెవిన వేశాను. వినకపోతే 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవల వాళ్ళు ఉచితంగా సలహా ఇస్తారు.

డాక్టరమ్మ ఎవరైనా "ఈ పని చేయడానికి నా మనసు ఒప్పదు" అంటే ఆమెతో పోట్లాడకండి, ఇంకో చోటికి వెళ్ళండి. ఆడపిల్లని తెలిసి తీయించుకుంటామంటే మాత్రం నేను గడప దాటను. కడుపులో ఉన్నది ఆడో మగో తేల్చే పరీక్షే నేరమని 1994 చట్టం ఉంది.

మందుల షాపులో మాత్రలు కొని మింగనివ్వకండి. తొమ్మిది వారాల లోపు మాత్రలతోనే అయిపోవచ్చు, కానీ డాక్టరు రాసిచ్చాకే. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలి ప్రాణం మీదికొస్తుంది. ఇంటికొచ్చాక గంటకు రెండు ప్యాడ్లు తడుస్తూ రెండు గంటలు ఆగకుండా రక్తం పోయినా, జ్వరం వచ్చినా, దుర్వాసన వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆటో పిలవండి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఏమీ అడగకండి. రెండు వారాలకు మళ్ళీ చూపించుకోమంటారు. అప్పటికి ఇంట్లోవాళ్ళు ఆ సంగతి మర్చిపోయి ఉంటారు, అందుకే ఆ రోజు నేను తప్పకుండా వెళ్తాను.