ఇంట్లో చేపల తొట్టి – 3వ పాఠం: చేపలు లేని నెల

పోయిన పాఠంలో తొట్టి అడుగున ఇసుక పరిచి, నీళ్లు నింపి, స్పాంజ్ ఫిల్టర్ ఆన్ చేసి వదిలేశాం. ఇప్పుడు మీ మనసంతా చేపల షాపు మీదే ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే ఇంక చెప్పక్కర్లేదు. అయినా ఆగండి. ఈ పాఠంలో ఒక్క చేప కూడా రాదు.

నేను ఆగలేదు. తొట్టి కొన్న రోజే పది గప్పీలు తెచ్చుకున్నా. "ఏం కాదన్నా, వేసెయ్" అన్నారు షాపులో. మూడో రోజుకి నీళ్లు గంజిలా తెల్లబడ్డాయి. మురికి అనుకుని మొత్తం పారబోశాను. స్పాంజిని కొళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండి, కొత్త నీళ్లు పోశాను. మళ్లీ తెల్లబడ్డాయి, మళ్లీ కడిగాను. ఆరో రోజు పొద్దున లైటు వేస్తే చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. వారం తిరిగేసరికి రెండే మిగిలాయి.

శుభ్రం చేసే కొద్దీ ఎందుకు చచ్చాయో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. చేప మొప్పల నుంచి, మిగిలిపోయి కుళ్లిన మేత నుంచి నీళ్లలోకి అమ్మోనియా చేరుతుంది. అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ మరీ పెరిగితే తప్ప చేపకు ఇబ్బంది లేదు. కొంత మొక్కలు లాక్కుంటాయి, మిగిలినది వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చి తీసేస్తాం. (ఆ నీళ్లు మోరీలో పారబోయకండి, మిద్దె మీద గులాబీలకు పోయండి.) ఈ రెండు రకాల బ్యాక్టీరియా ఎక్కువగా స్పాంజి రంధ్రాల్లో, ఇసుక మీద అంటుకుని ఉంటాయి. కొళాయి కింద నేను పిండి పారేసింది వాటినే. నీళ్లు తెల్లబడటానికి కారణం వేరే బ్యాక్టీరియా. కొత్త తొట్టిలో అది మామూలే, ముట్టుకోకుండా ఉంటే కొన్ని రోజుల్లో దానంతటదే పోతుంది.

ఇక మన తిరుపతి నీళ్ల సంగతి. కల్యాణి డ్యామ్ నుంచో తెలుగుగంగ నుంచో వచ్చే మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది. బకెట్‌లో పట్టి ఒక రోజు ఎండకు పెట్టండి, లేదా షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. బోరు నీళ్లలో క్లోరిన్ గొడవ లేదు గానీ అప్పుడే తోడిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, వాటినీ ఒక రాత్రి నిలవుంచాలి. బకెట్ అంచున తెల్లచార, గీజర్ కాయిల్ మీద సున్నం కనిపిస్తున్నాయా? అయితే మీవి ఉప్పు నీళ్లు, అంటే సున్నం లాంటి లవణాలు ఎక్కువున్న నీళ్లు. గప్పీ, మోలీ, ప్లాటీలకు అవే నచ్చుతాయి. అమెజాన్ ప్రాంతం నుంచి వచ్చిన నియాన్ టెట్రాకు మాత్రం లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్లు కావాలి, దాన్ని ఇప్పటికి మర్చిపోండి. "ఆర్‌వో నీళ్లు పోస్తే పోలా?" అంటారు. వాటిలో లవణాలు దాదాపు ఉండవు, గప్పీలకు అవి మాత్రమే పోస్తే నీరసిస్తాయి.

ఉప్పు నీళ్లతో ఒక చిక్కుంది. వాటి పీహెచ్ (నీళ్లు పులుపు వైపున్నాయో క్షారం వైపున్నాయో చెప్పే అంకె) మామూలుగా ఎక్కువ. పీహెచ్ 7 ఉన్న నీళ్లతో పోలిస్తే 8 ఉన్న నీళ్లలో, అమ్మోనియా మొత్తం అంతే ఉన్నా, విషంగా పనిచేసే భాగం సుమారు 10 రెట్లు పెరుగుతుంది. నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. మే నెలలో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కదా, ఇక మీరే ఊహించుకోండి. చల్లటి ఊళ్లో ఎవరో తొందరపడి నెగ్గుకొచ్చారని మీరు తొందరపడకండి.

చేయాల్సింది చాలా తక్కువ. రోజూ చిటికెడు మేత ఖాళీ తొట్టిలో వేయండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది, దాన్ని తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. వాటికి ఆక్సిజన్ కావాలి కాబట్టి ఎయిర్ పంపు పగలూ రాత్రీ ఆడాలి. ఇన్వర్టర్ ఉంటే పంపు ప్లగ్గు దానికే పెట్టండి, చిన్న పంపు కాల్చే కరెంటు ఎంతని! టెస్ట్ కిట్ ఒకటి కొనండి, తొట్టికి పెట్టిన ఖర్చులో అదే అసలైనది. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, కిట్ మీద రాసినన్ని చుక్కలు వేసి ఊపి, ఐదు నిమిషాలు ఆగి తెల్లకాగితం ముందు పెట్టి చూడండి. చాలా కిట్లలో అమ్మోనియా లేకపోతే రంగు పసుపుగానే ఉంటుంది, ఉంటే ఆకుపచ్చగా మారుతుంది. ట్యూబ్‌లైటు కింద లేత ఆకుపచ్చ కూడా పసుపులా మోసం చేస్తుంది, పగటి వెలుతుర్లో చూడండి.

మూడు రోజులకోసారి నోటుబుక్కులో రాసుకోండి. ముందు అమ్మోనియా ఎక్కుతుంది. అది దిగుతుంటే నైట్రైట్ ఎక్కుతుంది, ఇక్కడే చాలామందికి ఓపిక చచ్చిపోతుంది. రెండూ సున్నాకొచ్చి నైట్రేట్ కనిపించేసరికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. చేపలు ఆరోగ్యంగా ఉన్న తొట్టి స్నేహితుల ఇంట్లో ఉంటే వాళ్ల పాత స్పాంజి ముక్క అడిగి, ఆరనివ్వకుండా ఆ నీళ్లలోనే కవర్‌లో తెచ్చి మీ ఫిల్టర్ పక్కన పెట్టండి. పని సగానికి సగం తగ్గొచ్చు.

ఇకమీదట స్పాంజి కడగాల్సి వస్తే, తొట్టిలోంచి మగ్గుతో తీసిన నీళ్లలో రెండుసార్లు మెల్లగా పిండి మళ్లీ పెట్టేయండి. గోధుమరంగు మరక మిగిలితే మిగలనివ్వండి.

నాలుగో పాఠానికి ఆ నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. వరుసగా రెండుసార్లు అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా అని రాసి ఉంటేనే షాపుకెళ్దాం. అప్పుడు కూడా తెచ్చేది నాలుగు గప్పీలే.