పాత జిప్సీలో 1.3 ఇంజిన్

మా పాత మారుతి జిప్సీది 970 సీసీ. నలుగురం ఎక్కితే అనంతగిరి ఘాట్‌లో ఆయాసపడేది. దానికి తర్వాతి మోడలైన జిప్సీ కింగ్ ఎంపీఎఫ్ఐ (పెట్రోల్‌ను ఇంజెక్టర్లతో చిమ్మే రకం) ఇంజిన్ వేయించాను: 1.3 లీటర్లు, 80 హార్స్‌పవర్. మారుతి ఎస్టీమ్ కారు ఇంజిన్ కూడా ఆ కుటుంబానిదే, కానీ కారులో అడ్డంగా కూర్చుంటుంది, జిప్సీలో బండి పొడవునా. అందుకే గేర్‌బాక్స్, వైరింగ్, ఈసీఎం (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్)తో సహా కింగ్‌దే తీసుకోవడం మేలు.

అంతా బిగించాక కూడా ఎక్కుడులో బండి దగ్గింది. గేజ్ పెట్టి చూస్తే, ఐడిల్‌లో బాగున్న పెట్రోల్ ప్రెషర్ ఎక్సలరేటర్ తొక్కగానే పడిపోతోంది. ట్యాంకు దించాం. అడుగున ఎర్రటి తుప్పు పొడి, దాంతో పంపు జాలీ పూర్తిగా మూసుకుపోయింది. ట్యాంకు కడిగించి, జాలీ, ఫిల్టర్ మార్చాక దగ్గు పోయింది.

ఆర్టీఓ అనుమతి మాత్రం ముందే తీసుకోండి. కొత్త ఇంజిన్ నంబరు ఆర్సీలో ఎక్కాల్సిందే.