పంపు పాఠాలు – 5: వాల్వు మూస్తే ఆంప్స్ పెరుగుతాయా, తగ్గుతాయా?

పోయిన పాఠంలో ఫ్లోకి (గంటకి వచ్చే నీరు), హెడ్‌కి (పంపు నీటికి ఇచ్చే ఒత్తిడి, మీటర్ల ఎత్తులో) ఉన్న సంబంధాన్ని గీతగా గీశాం కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈసారి దాని మీదే పవర్ గీత గీద్దాం. ముందు ఒక ప్రశ్న. సెంట్రిఫ్యూగల్ పంపు నడుస్తుండగా డెలివరీ వాల్వు సగం మూశారు, ఆంప్స్ (మోటారు లాగే కరెంటు) ఎటు వెళ్తాయి?

పెరుగుతాయనే చాలామంది అంటారు. నీళ్లకి దారి మూస్తే మోటారు గింజుకుంటుంది కదా అని. నేనూ అలాగే అనుకుని, మాటిమాటికీ ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అవుతున్న ఒక పంపుకి వాల్వు పూర్తిగా తెరిచేశాను. ఇంకా తొందరగా ట్రిప్ అయింది! తర్వాత క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టిస్తే ఆంప్స్ చూపేది) తగిలించి, వాల్వు చక్రాన్ని కొంచెం కొంచెంగా మూస్తుంటే అంకె దిగుతూ వచ్చింది, అప్పటిదాకా నమ్మలేదు.

కారణం చిన్నదే. ఇంపెల్లర్, అంటే పంపు లోపల తిరిగే రెక్కల చక్రం, నీటిని పట్టుకుని తోయదు, తిప్పి బయటికి విసురుతుంది. విసరాల్సిన నీరు తగ్గితే పని తగ్గుతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి చెయ్యి అడ్డం పెడితే మోటారు మోత మారి, ఇంకా వేగంగా తిరుగుతుంది చూడండి, అదీ ఇదే, లోపల విసరడానికి గాలి లేక లోడు తగ్గిపోతుంది. అందుకే ఈ పంపుల్ని వాల్వు మూసి స్టార్ట్ చేసి, స్పీడు అందుకున్నాక తెరుస్తారు. అలాగని మూసే ఉంచకండి, లోపలి నీరు తిరిగి తిరిగి వేడెక్కుతుంది.

ఇప్పుడు లెక్క. గంటకి ఎన్ని ఘనపు మీటర్లో, ఎన్ని మీటర్ల హెడ్డో రెండూ గుణించి 367తో భాగిస్తే నీటికి అందిన కిలోవాట్లు వస్తాయి. 60 ఘనపు మీటర్లు, 30 మీటర్లు అనుకుంటే 4.9. పంపు ఎఫిషియెన్సీ 70 శాతం, మోటారుది 90 శాతం అయితే కరెంటు నుంచి లాగేది సుమారు 7.8 కిలోవాట్లు. వాల్వు బిగించి ఫ్లో 40కి తెచ్చాం, హెడ్ 34కి పెరిగింది, పంపు ఎఫిషియెన్సీ 62కి, మోటారుది 89కి పడిపోయింది అనుకోండి. నీటికి అందేది 3.7, లాగేది సుమారు 6.7.

నీళ్లు మూడో వంతు తగ్గాయి, కరెంటు మాత్రం ఏడో వంతే తగ్గింది. ఘనపు మీటరుకి 0.13 యూనిట్ల నుంచి 0.17కి చేరాం. అంటే వాల్వు బిగించడం మోటారుని కాపాడుతుందే గానీ బిల్లుని కాదు. మిగిలిన శక్తి కొంత వాల్వు దగ్గర నీటిలో వేడిగా, కొంత ఎఫిషియెన్సీ పడిపోయిన పంపులో, మోటారులో పోయింది.

క్లాంప్ మీటరుని ఒక్కదాన్నే నమ్ముకుని లెక్క కట్టొద్దు. లోడు తగ్గినకొద్దీ పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికి పోయే వాటా) కూడా పడిపోతుంది, కాబట్టి ఆంప్స్ తగ్గినంత మేరకే కిలోవాట్లూ తగ్గాయి అనుకుంటే తప్పు. కిలోవాట్ మీటరు ఉంటే దాన్నే చూడండి. ఇంకోటి, ఇదంతా రేడియల్ పంపుల, అంటే నీటిని ఇరుసు నుంచి పక్కలకి విసిరే సెంట్రిఫ్యూగల్ పంపుల సంగతి. నీటిని ఇరుసు వెంటే నెట్టే యాక్సియల్ పంపుకి గీత తిరగబడుతుంది, వాల్వు మూస్తే పవర్ ఎక్కువవుతుంది, దాన్ని మూసి స్టార్ట్ చేస్తే మోటారుకి మూడినట్టే.

మరి స్పీడు తగ్గిస్తే? ఫ్లో స్పీడుతో పాటు, హెడ్ దాని వర్గంతో, పవర్ ఘనంతో మారతాయి. స్పీడుని మూడింట రెండు వంతులకి దించితే పవర్ 30 శాతం, సుమారు 2.3 కిలోవాట్లు. చదవగానే వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే పరికరం) కొనేయాలనిపిస్తుంది, ఆగండి. ఈ లెక్క పైపు రాపిడే మొత్తం హెడ్ అయినప్పుడు మాత్రమే. మన పంపు నీటిని 20 మీటర్ల ఎత్తుకి ఎక్కించాలనుకోండి, దాని షట్‌ఆఫ్ హెడ్ (వాల్వు పూర్తిగా మూసి, ఫ్లో సున్నా అయినప్పటి హెడ్) 37 మీటర్లు అనుకోండి. మూడింట రెండు వంతుల స్పీడులో ఆ 37 కాస్తా 16.4 అవుతుంది. పంపు తిరుగుతూనే ఉంటుంది, పైన చుక్క పడదు.

మరి ఈ పంపుతో గంటకి 40 ఘనపు మీటర్లు రావాలంటే స్పీడు ఎంత ఉండాలి? వచ్చే పాఠానికి ముందు మీ కాగితం మీద గీత కిందికి జరిపి ప్రయత్నించండి.