కరెంటు లెక్క – నాలుగో పాఠం: రేకు మీది వాట్లు, మీటరెక్కే యూనిట్లు

ఈసారి పంపు మోటారు సంగతి చెబుతానని మాటిచ్చాను. చెప్పడం లేదు. మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చేసి మీరు పంపిన లెక్కలు చూశాక, ముందు ఆ చిక్కుముళ్ళు విప్పక తప్పదనిపించింది. తప్పులో సగం నాదే. "పడుకునే ముందు అన్నీ ఆపేసి మీటరు లైటు చూడండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అన్నీ అంటే ఏమేమిటో, చూడడమంటే ఎలా చూడాలో రాయలేదు.

మినుకుల గొడవ ముందు తేల్చేద్దాం.

లైటు ఆగకుండా వెలుగుతూనే ఉంది, కరెంటు ధారగా పోతోందేమోనని కొందరు కంగారుపడ్డారు. పోవడం లేదు. చాలా ఎలక్ట్రానిక్ మీటర్లలో వాడకం ఏమీ లేనప్పుడు ఆ చిన్న లైటు వెలిగి అలాగే నిలబడిపోతుంది. కొన్నిటిలో ఆరి నిలబడిపోతుంది. లెక్కలోకొచ్చేది మినుకు ఒక్కటే. సరఫరా ఉందని చెప్పడానికి ఇంకో లైటు కూడా ఉంటుంది, దాన్ని పట్టుకుని గంటసేపు కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. మనకు కావలసిన లైటు పక్కనో కిందనో 3200, 1600 లాంటి అంకె అచ్చయి ఉంటుంది. ఒక యూనిట్ ఖర్చయ్యేసరికి అన్నిసార్లు మినుకుతుందని దానర్థం.

రెండో తప్పు లెక్కపెట్టడంలో. పది మినుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడమంటే, మొదటి మినుకు రాగానే "ఒకటి" అని గడియారం నొక్కారు. అలా చేస్తే మీరు కొలిచింది పది కాదు, తొమ్మిది. చేతికి వేళ్ళు అయిదు, సందులు నాలుగు. మనం కొలిచేది సందుల్ని. అందుకని మొదటి మినుకుకు "సున్నా" అనండి. మనసులో కాదు, పైకే అనండి. పక్కవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

సూత్రం మరోసారి: 36 లక్షలను మీటరు మీది అంకెతో భాగించండి. 3200 మీటరుకు 1125 వస్తుంది, 1600కు 2250, 800కు 4500. అది మీ ఇంటి అంకె. మీటరు మారేదాకా మారదు. దాన్ని రెండు మినుకుల మధ్య సెకన్లతో భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు లాగుతున్న వాట్లు. నేనైతే 1125 అని మీటరు పక్కన గోడ మీద పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను. దీనికి ఫోను యాప్‌లు ఉన్నాయంటున్నారు, ఉండనివ్వండి. పాతకాలపు తిరుగుడు చక్రం మీటరైనా ఇదే లెక్క, మినుకు బదులు చక్రం మీది నల్ల గీత ఒక చుట్టు తిరిగి రావడం చూస్తారు.

మూడోది ఫ్రిజ్ చేసిన మోసం. 3200 మీటరున్న ఒకరికి రాత్రి పదిన్నరకు ఆరున్నర సెకన్లకో మినుకు వచ్చింది, అంటే 175 వాట్ల దాకా. తెల్లవారుజామున ఏదీ వేయకుండానే మళ్ళీ చూస్తే 70 సెకన్లకొకటి, అంటే 16 వాట్లు. "మీటరు పాడైంది, మార్పించమంటారా?" అని అడిగారు. మీటరు నిక్షేపంగా ఉంది. రాత్రి చూసినప్పుడు ఫ్రిజ్ కంప్రెసర్ నడుస్తోంది, తెల్లవారుజామున ఆగి ఉంది. రెంటికీ తేడా దాదాపు 160. ఫ్రిజ్ వెనక రేకు మీద ఉన్న అంకె కూడా 160. పోయినసారి ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేసి పది నిమిషాల్లో మళ్ళీ పెట్టమని చెప్పి ఉండాల్సింది. ఆ మాట ఇప్పుడు చెబుతున్నాను. ఇన్వర్టర్ బ్యాటరీ, కాలింగ్ బెల్లు, నిఘా కెమెరాలు కూడా "అన్నీ"లోకే వస్తాయి. ఇవన్నీ ఆపాక కూడా మినుకు వస్తుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మీటరు సీలు జోలికి మాత్రం పోకండి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. నాకు ఒళ్ళు మండింది దీని తర్వాత.

ఇలా ఫ్రిజ్ వాట్లు దొరగ్గానే వాటిని 24తో, ఆపైన 30తో గుణించి, వెయ్యితో భాగించి (వాట్లను గంటలతో గుణిస్తే వాట్ అవర్లు, అవి వెయ్యి అయితే ఒక యూనిట్), ఫ్రిజ్‌కు నెలకు ఇన్ని యూనిట్లని రాసేశారు. ఒకరిద్దరు కాదు, లెక్క పంపినవాళ్ళలో ఎక్కువమంది. ఆ 160 వాట్ల ఫ్రిజ్ ఇంటివారి పట్టిక యథాతథంగా ఇదీ: ఫ్రిజ్ 115. గీజర్ 2000 వాట్లు, రోజుకు రెండు గంటలు, 120. మూడు ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు, పది గంటలు, 67. టీవీ, లైట్లు కలిపి 15. మొత్తం 317. అదే ఇంటి బిల్లులో ఉన్నది 174! లెక్కకూ బిల్లుకూ ఇంత తేడా ఉంటే ఎవరైనా ఆగి ఆలోచించాలి కదా. ఆలోచించకుండా, "మీటరు తక్కువ చూపిస్తోంది, పోనీలెండి, మనకే లాభం" అని కింద ఒక ముక్క.

రేకు మీది వాట్లు ఆ వస్తువు నడుస్తున్నప్పుడు ఎంత లాగుతుందో చెబుతాయి, అదీ గరిష్ఠంగా. ఎంతసేపు నడుస్తుందో చెప్పవు. ఇంట్లో వస్తువులు రెండు రకాలు. మనం ఆపితేనే ఆగేవి కొన్ని: ఫ్యాను, లైటు, టీవీ. వీటికి వాట్లను గంటలతో గుణిస్తే లెక్క సరిపోతుంది. స్విచ్చు వేసే ఉన్నా తమంతట తామే ఆగి, తమంతట తామే మొదలయ్యేవి కొన్ని: ఫ్రిజ్, గీజర్, ఇస్త్రీ పెట్టె, ఏసీ. వీటికి మనం స్విచ్చు వేసి ఉంచిన గంటలతో పని లేదు.

ఇస్త్రీ పెట్టె మీద చిన్న లైటు చూడండి. వెలిగినంతసేపే అది వెయ్యి వాట్లు లాగేది. ఆరిపోయాక మీరు చొక్కా చేస్తున్నా సరే, పెట్టెకు అందే కరెంటు సున్నా. గీజరూ అంతే. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.163 వాట్ అవర్లు కావాలి, ఏ కంపెనీ గీజరైనా ఇంతకంటే తక్కువలో చెయ్యలేదు. 15 లీటర్లను 25 డిగ్రీల నుంచి 55కు తీసుకెళ్ళాలంటే 15ను 30తో, దాన్ని 1.163తో గుణించండి: 523. అంటే అర యూనిట్ చిల్లర. 2000 వాట్ల గీజర్ దీన్ని పదహారు నిమిషాల్లో ముగించి ఆగిపోతుంది. స్విచ్చు మాత్రం గంట నుంచి వేసే ఉంది, మీరు గంటకు లెక్క రాశారు. స్విచ్చు వేసి మరిచిపోతే నష్టం లేదని కాదు. డ్రమ్ము చల్లారుతూ ఉంటుంది, అది మళ్ళీ మళ్ళీ వేడి చేస్తూ ఉంటుంది. కానీ ఆ నష్టం గంటకు రెండు యూనిట్లు కానే కాదు.

ఇంకా ఘోరం ఫోను చార్జర్. దాని మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 0.5 ఆంపియర్లు అని చిన్నక్షరాలతో ఉంటుంది. 240ని 0.5తో గుణించి 120 వాట్లన్నారొకరు. అరచేతిలో పట్టే ఆ డబ్బా నిజంగా 120 వాట్లు లాగితే, అదంతా ఫోనులోకి పోకపోతే వేడిగా బయటికి రావాలి. రాత్రంతా గోడకుంటే గోడే మాడిపోవాలి. అక్కడ రాసిన ఆంపియర్లు నడుస్తున్నప్పుడు దాటని హద్దు, అదీ అతి తక్కువ వోల్టేజీ దగ్గర. మామూలు చార్జర్ ఫోను ఎక్కించేటప్పుడు లాగేది పది, ఇరవై వాట్లు. ఫోను లేకుండా ఖాళీగా ప్లగ్గులో ఉన్న కొత్త రకం చార్జర్ వాటు పదో వంతు కూడా లాగకపోవచ్చు. నెలంతా పెట్టి ఉంచినా యూనిట్‌లో పదో వంతు కాదు. చార్జర్లు పీకి బిల్లు తగ్గించుకుందామనే సలహా ఎవరిచ్చినా నాకు నవ్వొస్తుంది. దాని పక్కనే, టీవీ ఆపేసినా వెచ్చగా ఉండే సెట్‌టాప్ బాక్స్‌ను ఎవరూ పట్టించుకోరు. మీద చెయ్యి పెట్టి చూడండి. మనం వాడనప్పుడు కూడా వెచ్చగా ఉన్నదేదైనా మీటరు తిప్పుతున్నట్టే. బారెడు పట్టికల కంటే ఈ అరచేతి పరీక్ష మీదే నాకు నమ్మకం.

ఇప్పుడు ఫ్రిజ్‌ను సరిగ్గా కొలుద్దాం. పక్కన కుర్చీ వేసుకుని, కంప్రెసర్ చప్పుడు మొదలైన సమయం, ఆగిన సమయం, మళ్ళీ మొదలైన సమయం రాసుకోండి. మధ్యలో తలుపు తీయొద్దు. ఒక్క చుట్టుతో సరిపెట్టకుండా మూడు చుట్లు రాసి సగటు తీయండి. ఆ పట్టిక పంపినవారింట్లో కొలిపిస్తే 12 నిమిషాలు నడక, 20 నిమిషాలు విశ్రాంతి వచ్చింది. 32 నిమిషాల్లో 12. 160ని 12తో గుణించి 32తో భాగిస్తే 60 వాట్ల సగటు. నెలకు 43 యూనిట్లు. 115 ఎక్కడ, 43 ఎక్కడ!

పట్టిక మళ్ళీ వేశాం. ఫ్రిజ్ 43. గీజర్ రోజుకు రెండు డ్రమ్ములు, చల్లారే నష్టంతో కలిపి 35. ఫ్యాన్లు 67, టీవీ, లైట్లు 15. మొత్తం 160. బిల్లు 174. మిగిలిన 14 ఎక్కడ? తెల్లవారుజామున దొరికిన ఆ 16 వాట్లు గుర్తున్నాయా? నెలకు 720 గంటలు, 11 యూనిట్ల పైచిలుకు. సెట్‌టాప్ బాక్స్, రౌటర్. చివరి రెండు మూడు ఇస్త్రీకీ మిక్సీకీ వదిలేయవచ్చు. పట్టిక బిల్లుతో ఇలా అతుక్కున్నప్పుడే దుబారా ఎక్కడుందో కనబడుతుంది. ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ తింటున్నది, ఎవరూ అనుమానించని ఫ్యాన్లు. బీఎల్‌డీసీ ఫ్యాను (కరెంటు తక్కువ తినే కొత్త రకం మోటారుది) అదే గాలికి 30 వాట్ల చుట్టుపక్కల లాగుతుంది కనుక మూడూ మారిస్తే నెలకు 40 యూనిట్లు తగ్గుతాయి. మూడూ ఒకేసారి మార్చకండి. అందరికంటే ఎక్కువ గంటలు తిరిగేదాన్ని ముందు మార్చండి, అది దాదాపు ఎప్పుడూ పడకగదిదే.

కంప్రెసర్ పూర్తిగా ఆగని ఇన్వర్టర్ ఫ్రిజ్ ఉన్నవాళ్ళకు ఈ చప్పుడు పద్ధతి పనికిరాదు. మీరు ఊరెళ్ళే రోజు ఫ్రిజ్ ఒక్కటే ఉంచి, మిగతావన్నీ ఆపి, రీడింగు రాసుకుని తాళం వేయండి. వచ్చాక తేడాను గడిచిన గంటలతో భాగించండి. నిజానికి మామూలు ఫ్రిజ్‌కు కూడా ఇదే మేలైన దారి. మంచు పేరుకోని రకాల్లో అప్పుడప్పుడు మంచు కరిగించడానికి లోపల ఒక హీటర్ వెలుగుతుంది, ఒక పూట కొలతలో అది పడొచ్చు, పడకపోవచ్చు.

ఫ్రిజ్ సగం కంటే ఎక్కువసేపు నడుస్తుంటే చూడాల్సినవి మూడు. వెనక జాలీ మీద దుమ్ము, గోడకు మరీ ఆనుకుని ఉండడం, తలుపు రబ్బరు. మొదటి రెండూ చెప్పక్కర్లేదు.

రబ్బరు సంగతి మాత్రం చెప్పాలి. మా ఇంట్లో ఫ్రిజ్ ఎప్పుడూ గుర్రుమంటూనే ఉండేది. పాతబడిందనుకున్నాను, థర్మోస్టాట్ పోయిందనుకున్నాను, ఒక మెకానిక్ గ్యాసు తగ్గిందని కూడా తేల్చాడు. ఒక రాత్రి వంటింట్లో లైట్లన్నీ ఆర్పి, ఫోను టార్చి వెలిగించి లోపల అరలో తలుపు వైపు పెట్టి మూశాను. లోపలి బల్బు తలుపు మూయగానే ఆరిపోతుంది కాబట్టి కనిపించే వెలుగు టార్చిదే. పైన చీకటి, పక్కల చీకటి. కింద తలుపు బందు వైపు మూలలో నేల మీద సన్నని వెలుగు గీత పడింది, బెత్తెడు పొడుగు. నేల మీద బోర్లా పడుకుని చూస్తే, రబ్బరు మడతల్లో ఏళ్ళ తరబడి కారి గట్టిపడిన జిడ్డు. రబ్బరు అక్కడ లోపలికి ముడుచుకుపోయింది. గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో పాత టూత్‌బ్రష్ ముంచి మడత లోపల దాకా తోమాను. ఆపైన వేడినీళ్ళలో పిండిన గుడ్డను ఆ మూలకు కాసేపు అదిమి పట్టి, మెత్తబడ్డ రబ్బరును వేలితో బయటికి లాగి, తలుపు మూసి రాత్రంతా వదిలేశాను. తెల్లారి కాగితం ముక్క పెట్టి మూసి లాగితే పట్టుకుంది. కంప్రెసర్ నడక తగ్గింది, విశ్రాంతి పెరిగింది. కాగితం పరీక్ష ఒక్కదాన్నే నమ్మకండి, కింది మూల చాలామంది వదిలేస్తారు. టార్చి వదలదు.

అభ్యాసం ఈసారి కొంచెం గట్టిది. వారం రోజులు, రోజుకు మూడుసార్లు, ఒకే వేళల్లో మీటరు రీడింగు రాయండి: నిద్ర లేవగానే, సాయంత్రం, పడుకునే ముందు. అదే వారానికి మీ ఇంటి పట్టిక వేయండి. తానే ఆగే వస్తువులకు నడిచిన సమయమే రాయాలి, స్విచ్చు వేసిన సమయం రాస్తే ఊరుకోను. మీ మొత్తానికీ మీటరు తేడాకూ మధ్య అయిదు శాతం దాటితే, ఏ వస్తువు దగ్గర తప్పిందో దొరికేదాకా అయిదో పాఠం మొదలుపెట్టకండి. ఏసీ ఉన్నవాళ్ళకు పది శాతం దాకా మినహాయింపు, బయటి ఎండను బట్టి దాని నడక మారుతుంది.

పంపు మోటారు పాఠానికి ముందుగా ఒక చిన్న పని, ఇంట్లో నీళ్ళు ఊరికే కారిపోతున్నాయేమో చూడడం. ఈ రాత్రి మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో రెండు చుక్కల రంగు కలిపి, అరగంట ఎవరినీ వాడనివ్వకండి. కింద తొట్టిలో రంగు దిగిందో లేదో రాసి పెట్టుకోండి.