సారె మీద కుండ కుదరట్లేదా? లక్షణాన్ని బట్టి కారణం, సవరణ

సారె మీద తప్పు పుట్టే చోటు ఒకటి, బయటపడే చోటు ఇంకొకటి. అంచు ఊగితే అంచునే పట్టుకుని సరిచేయబోతాం. అసలు పొరపాటు అంతకు రెండు పనుల ముందే జరిగి ఉంటుంది. కింది కొలతలు కరెంటు సారె మీద 500 నుంచి 700 గ్రాముల ముద్దతో నేర్చుకునేవారికి.

ముద్ద మధ్యకు రాదు, చేతులు ఊగిపోతాయి

ముందు మోచేతులు చూసుకోండి. అవి గాల్లో ఉంటే ముద్దే చేతుల్ని ఆడిస్తుంది. సారె అపసవ్య దిశలో తిరుగుతుంటే ఎడమ మోచేతిని తొడకు గట్టిగా ఆనించి, ఆ అరచేతితో ముద్దను పక్కనుంచి నెట్టండి. కుడిచేత్తో పైనుంచి అదమండి. భుజాలతో తోయకుండా ముందుకు వంగి ఒంటి బరువు వేస్తే చాలు. ఈ పనికి సారె వేగంగా తిరగాలి. ముద్దను శంకువులా పైకి లేపి, మళ్లీ అణచండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే లోపలి మట్టి కూడా సర్దుకుంటుంది.

కుదిరిందో లేదో తేల్చుకోవడానికి వేలికొనను కదలకుండా ముద్ద పక్కన ఆనించండి. చుట్టూ ఒకేలా తగిలితే కుదిరినట్టే. ఒకవైపే తట్టి వదులుతుంటే ఇంకా పని ఉంది. ఎంత చేసినా అదే చోట తట్టుతోందంటే మట్టిలో గట్టి ఉండో గాలి బుడగో ఉండొచ్చు. ముద్దను తీసి తీగతో సగానికి కోసి చూడండి, బాగా పిసికి మళ్లీ మొదలుపెట్టండి.

చేతులు చటుక్కున తీస్తే కుదిరిన ముద్ద కూడా చెదురుతుంది. కనీసం ఒక చుట్టు తిరిగేంతసేపు నెమ్మదిగా ఒత్తిడి తగ్గిస్తూ వదలండి.

ముద్ద ఊడి జారిపోతుంది

ముద్ద కూర్చునే సారె పలక మరీ తడిగా ఉంది. చెమ్మ మాత్రమే మిగిలేలా తుడిచి, ముద్దను గట్టిగా కొట్టి అంటించండి.

గోడ ఒకవైపు పల్చన, అంచు ఎగుడుదిగుడు

ముద్ద సరిగ్గా మధ్యలో ఉండి కూడా ఇలా వస్తోందంటే, చుట్టు పూర్తికాకముందే వేళ్లు పైకి పోతున్నాయి. సారె వేగం సగానికి తగ్గించండి. ఒక చుట్టుకు వేలికొన వెడల్పు కంటే ఎక్కువ ఎక్కకూడదు. అంచు తేడా చిన్నదైతే సూదితో కోసి తీసేయవచ్చు. గోడ లేపిన ప్రతిసారీ అంచును వేలితో మెల్లగా అణచండి, చీలదు.

గోడ మెలితిరిగి కూలిపోతుంది

కూలేముందు గోడ మీద ఏటవాలు ముడతలు కనబడతాయి, తడిగుడ్డను పిండినట్టు. కింద పల్చబడి పైన బరువుండటం, పొడివేళ్లు మట్టిని లాగడం, నీరు తాగి మట్టి మెత్తబడటం కారణాలు. వేళ్లకు నీటికి బదులు పల్చటి మట్టిబురద మేలు, జారుడు ఎక్కువసేపు నిలుస్తుంది. లోపల నిలిచిన నీటిని స్పాంజితో తీసేయండి. వేళ్లను అడుగు మూల నుంచే మొదలుపెట్టి, అక్కడ గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా నొక్కండి. మూడు నాలుగుసార్లలో గోడ లేవాలి. పదిసార్లు లాగితే మట్టి అలిసిపోతుంది.

కూలిన కుండను పారేయకండి. తీగతో నిలువునా కోసి గోడ మందం చూడండి. అంతకంటే మంచి పాఠం లేదు.

ఎండాక అడుగున ఎస్ ఆకారంలో పగులు

అడుగు మట్టి అణగలేదు, లేదా అక్కడ నీరు నిలిచింది. ముద్ద మధ్యలో గుంట చేసి తెరిచిన వెంటనే అడుగును వేళ్లతో మధ్య నుంచి చివరికి, చివర నుంచి మధ్యకు మూడు నాలుగుసార్లు నొక్కండి. తర్వాత చెక్కేలా ఉంటే అడుగు 6 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంచండి. సూది గుచ్చి, వేలిని మట్టికి తాకేలా జార్చి, బయటికి తీస్తే మందం తెలుస్తుంది. అంచు అడుగుకంటే ముందే ఎండితే కూడా పగులుతుంది. అందుకే అంచు కాస్త గట్టిపడగానే కుండను బోర్లించి, ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పి ఆరనివ్వండి.

కోసి ఎత్తేటప్పుడు అడుగు ఎత్తుపల్లాలు

తీగ వదులైంది. రెండు బొటనవేళ్లతో పలకకు నొక్కిపట్టి, బిగువు తగ్గకుండా ఒకే లాగుడులో లాగండి.